నత్త గుల్లలో మొదలయ్యే జబ్బు



నాయుడుపేట చుట్టుపక్కల చెరువుల కింద వరి కోతలు మాఘ, ఫాల్గుణ మాసాల్లో ముగుస్తాయి. కోత మిషను కయ్య దాటీ దాటకముందే గొర్రెల మంద గట్టు మీదికి వచ్చేస్తుంది. కొయ్యకాళ్ళ మధ్య మిగిలిన గరిక, తుంగ, కాలవ పక్కన తడి ఆరని చోట మొలిచిన లేత గడ్డి జీవాలకు మంచి మేత. పెళ్ళకూరు, ఓజిలి, దొరవారిసత్రం, చిట్టమూరు, ఏ మండలానికి వెళ్ళినా ఆ రోజుల్లో ఇదే కనిపిస్తుంది. ఆ తర్వాత మూడు నెలలకు, ఎండలు ముదిరాక, పశువుల ఆసుపత్రికి గొర్రెలు రావడం మొదలవుతుంది. దవడ కింద నీరు దిగి వేలాడుతూ ఉంటుంది. కనురెప్ప తిప్పి చూస్తే ఎరుపు ఉండదు, తెల్లగా పాలిపోయి ఉంటుంది. మందలో వెనకబడుతుంది, నిలబడ్డ చోటే నిలబడిపోతుంది.

"ఎండలకు చిక్కిపోయింది సార్, మేత చాలక" అంటాడు కాపరి.

ఆ మాట నమ్మదగ్గట్టుగానే ఉంటుంది. ఎండాకాలం, మేత తక్కువ, గొర్రె చిక్కిపోయింది. కానీ ఆ గొర్రెకు జబ్బు అంటుకున్నది వైశాఖంలో కాదు, కోత కయ్యలో పచ్చ గడ్డి కడుపునిండా తిన్న రోజుల్లో. మేత బాగా దొరికిన రోజునే రోగం లోపలికి వెళ్ళింది, మేత తగ్గిన రోజుల్లో బయటపడింది. ఈ మూడు నెలల ఎడం మన కళ్ళు కప్పేస్తోంది. ఈ పూట నేను చెప్పబోయేది ఈ ఎడం గురించే, దాని వెనక ఉన్న కార్జపు జలగ గురించే.

ముందు పురుగును చూద్దాం. ఆదివారం పూట మాంసం కొట్టు దగ్గర ఎప్పుడైనా నిదానంగా నిలబడి చూడండి. జబ్బు పట్టిన జీవం కార్జం తెలిసిపోతుంది. నున్నగా, ముదురు ఎరుపుగా ఉండాల్సింది గరుకుగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. అడుగు వైపు తిప్పితే పైత్యపు నాళాలు తెల్లగా, లావుగా ఉబ్బి ఉంటాయి. ఆ నాళాన్ని కత్తితో నిలువుగా చీల్చి వేలితో నొక్కితే గోధుమ రంగు పైత్యరసంతో పాటు చదునైన, ఆకు ఆకారపు పురుగు జారి బయటికొస్తుంది. అంగుళం నుంచి మూడు అంగుళాల దాకా పొడవు, అర అంగుళం వెడల్పు. తలవైపు ఒక చప్పరింపు నోరు, దానికి కాస్త వెనకగా పొట్ట మీద కరుచుకోవడానికి ఇంకొకటి. ముసలి బర్రె కార్జమైతే నాళాల గోడల్లో సున్నం పేరుకుని, కత్తి పెడితే కరకరమని చప్పుడొస్తుంది. మన దేశంలో పశువులకు వచ్చే ఈ జలగ శాస్త్రనామం ఫాసియోలా జైగాంటికా. 1855లో కాబోల్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని ఒక జిరాఫీ కార్జంలో చూసి పేరు పెట్టాడు. చలి దేశాల్లో ఉండేది దీని దాయాది, ఫాసియోలా హెపాటికా.

అలాంటి కార్జం తింటే మనకు జబ్బు వస్తుందా అని చాలామంది అడుగుతారు. వండిన కార్జం నుంచి మనిషికి రాదు. ఇంకో గొర్రెకు కూడా ఈ పురుగు నుంచి నేరుగా అంటదు. చెరువులో నీళ్ళు తాగేటప్పుడు చిన్న జలగ లోపలికి పోయి కార్జంలో పెరుగుతుందని పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. నెత్తురు పీల్చే చెరువు జలగకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది వచ్చే దారి వేరు, ఆ దారి మధ్యలో ఒక నత్త ఉంది.

ఆ దారిని మొదటి నుంచి నడుద్దాం. కార్జంలో ఉన్న జలగ రోజూ వేల గుడ్లు పెడుతుంది. గుడ్లు పైత్యరసంతో పేగులోకి, పేగు నుంచి పేడలోకి వస్తాయి. పేడ ఎండిపోతే గుడ్డు చచ్చిపోతుంది. దిబ్బలో వేసి మగ్గనిస్తే ఆ వేడికీ చచ్చిపోతుంది. నీళ్ళలో పడితేనే దానికి బతుకు. మన వేడికి ఇంచుమించు రెండు వారాల్లో గుడ్డు మూత తెరుచుకుని, ఒళ్ళంతా సన్నటి నూగుతో, కంటికి ఆనని పిల్ల ఒకటి ఈదుకుంటూ బయటికొస్తుంది. దానికి నోరు లేదు, తిండి లేదు. ఒక్కరోజులో తనకు కావలసిన నత్త దొరకాలి, లేకపోతే ఆయువు తీరిపోతుంది.

ఏ నత్త పడితే ఆ నత్త పనికిరాదు. వర్షాకాలంలో మనవాళ్ళు ఏరుకుని కూర వండుకునే పెద్ద గుల్ల నత్త కాదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో నత్తగుల్ల కొంగ ముక్కుతో గుల్లలోంచి లాగి తినేదీ ఆ పెద్ద నత్తే, దానికి ఈ పాపంలో భాగం లేదు. కార్జపు జలగకు కావలసింది లిమ్నియా అనే చిన్న నత్త. పల్చటి గుల్ల, లేత గోధుమ రంగు, గుల్ల మూతి చెవి ఆకారంలో వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది, వేళ్ళ మధ్య నొక్కితే చితికిపోతుంది. తూము దగ్గర నిలిచిన నీళ్ళలో, కలుజు కింద గుంటల్లో, పంట కాలవల పక్కన తామరాకు, గుర్రపుడెక్క ఆకుల అడుగున అంటుకుని ఉంటుంది. మంచినీళ్ళ జీవి. పులికాట్ సరస్సు వైపు ఉప్పు తగిలే కయ్యల్లో బతకదు. అందుకే ఒకే మండలంలో ఒక ఊరి మందకు జబ్బు ఉండి, సరస్సుకు దగ్గరగా ఉన్న ఇంకో ఊరి మందకు లేకపోవచ్చు.

నత్త ఒంట్లోకి దూరిన ఆ ఒక్క పిల్ల అక్కడ రూపం మార్చుకుంటుంది. ఒక సంచి అవుతుంది, ఆ సంచిలో ఇంకో రకం పిల్లలు, వాటిలో మళ్ళీ పిల్లలు. వారాలు గడిచేసరికి ఒక్కటి వందలవుతుంది. చివరికి తోక ఉన్న పిల్లలు నత్తను వదిలి నీళ్ళలోకి వచ్చి, కాసేపు ఈది, దొరికిన గడ్డిపోచకో వరి దుబ్బుకో అంటుకుంటాయి. తోక రాల్చేసి, చుట్టూ గట్టి గూడు కట్టుకుని కూర్చుంటాయి. తడి ఉంటే నెలల తరబడి అలాగే బతికుంటాయి. గొర్రె ఆ గడ్డి తిన్నప్పుడు గూడు పేగులో కరిగి, పిల్ల జలగ పేగు గోడ తొలుచుకుని కడుపులోకి వచ్చి, అక్కడి నుంచి కార్జం పైపొర చీల్చుకుని లోపలికి దూరుతుంది. కండను తింటూ, నెత్తురు కారుస్తూ వారాల తరబడి కార్జంలో తిరుగుతుంది. పైత్యపు నాళం చేరాకే స్థిరపడి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. గడ్డి తిన్న రోజు నుంచి పేడలో గుడ్డు కనిపించే రోజు దాకా మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు.

ఇప్పుడు మన ఊరి పంచాంగం దీనికి జోడించి చూడండి. మనకు వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం, వాయుగుండం పట్టిందంటే చెరువులు అలుగు పారతాయి. వేసవి దాటి బతికిన నాలుగు నత్తలూ ఆ నీళ్ళలో వేలుగా పెరుగుతాయి. నాట్లు పడ్డ కయ్యల్లోకి కాలవ నీళ్ళతో పాటే చేరతాయి. చెరువులో పడుకుని లేచే బర్రెలు అక్కడే పేడ వేస్తాయి. కోత నాటికి గూళ్ళు కట్టుకున్న పిల్లలు దుబ్బుల అడుగున ఉంటాయి. కోతయ్యాక మంద దిగుతుంది. ఎండలు ముదిరి పైకయ్యలు ఎండిపోతే పచ్చదనం చెరువు గర్భంలో నీటి అంచున మాత్రమే మిగులుతుంది, మందలన్నీ అక్కడికే చేరతాయి. అంతకంటే ప్రమాదకరమైన చోటు ఇంకొకటి లేదు. ఎడగారు వరి వేసిన చోటైతే రెండో కోతకు రెండోసారి ఇదే వరస.

ఒక్కసారే ఎక్కువ గూళ్ళు మింగిన గొర్రె దవడ కింద నీరు దిగే దాకా కూడా ఆగదు. వందలకొద్దీ పిల్ల జలగలు ఒకేసారి కార్జాన్ని తొలిచేస్తుంటే నిన్న బాగున్న జీవం ఇవాళ పొద్దున దొడ్లో పడి ఉంటుంది. పేడ పరీక్ష చేసినా గుడ్లు కనపడవు, ఎందుకంటే ఆ జలగలు ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. విషపు గడ్డి తిన్నదనో, దిష్టి తగిలిందనో అనుకుని పూడ్చేస్తారు. అలా పూడ్చేముందు ఒక్కసారి డాక్టరు చేత కోయించి కార్జం చూపించమని నేను ప్రతి కాపరినీ బతిమాలతాను. పోయినది పోయింది, మిగతా మంద దక్కుతుంది.

గొర్రె చస్తుంది గాని బర్రె అంత త్వరగా చావదు. పాలు తగ్గుతాయి, ఎద ఆలస్యమవుతుంది, చిక్కుతుంది, అయినా నెట్టుకొస్తుంది. కార్జంలో జలగలు పెట్టుకుని ఏళ్ళ తరబడి చెరువులోకి గుడ్లు వదులుతూనే ఉంటుంది. మన వైపు మందు తాపేదంతా గొర్రెలకే. బర్రె బాగానే ఉందిగా అని వదిలేస్తారు. నా మటుకు నేను ఈ జబ్బు మన ఊళ్ళలో తెగకపోవడానికి మొదటి కారణం ఇదే అంటాను. గొర్రెలవాడు ఒకడు, బర్రెల యజమాని ఇంకొకడు, చెరువు ఊరందరిదీ. ఒక ఇంటివాళ్ళు మాత్రమే మందు తాపితే ఆ ఖర్చు చెరువు పాలే.

నెల్లూరు గొర్రె సంగతి వేరే చెప్పాలా? దేశంలోని గొర్రె జాతులన్నిటిలో ఎత్తైనది. పల్లా, జోడిపి, దొర అని మూడు రకాలు. ఉన్ని కోసం కాదు, మాంసం కోసం పెంచే జాతి, మన ఎండనూ నడకనూ తట్టుకునేది. అలాంటి జీవం వేలికంత పురుగుకు లొంగిపోతుంటే చూడబుద్ధి కాదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో జెహాన్ ద బ్రీ అనే గొర్రెల కాపరి 1379లోనే గొర్రెల కార్జం కుళ్ళే ఈ రోగం గురించి రాశాడు. తడి నేలల్లో మేపితే వస్తుందని కాపరులకు అప్పటికే తెలుసు, ఎందుకో తెలియదు. 1879, 80 సంవత్సరాల్లో ఇంగ్లండులో వానలు విడవకుండా కురిసి, ఈ జబ్బుతో ముప్పై లక్షల గొర్రెలు చచ్చిపోయాయి. అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఎ.పి. థామస్ అనే కుర్ర శాస్త్రవేత్త బురద నేలలు వెతికి, నత్తలు ఏరి, వాటిని కోసి చూసి మొత్తం చక్రాన్ని పట్టుకున్నాడు. అదే సమయంలో జర్మనీలో లాయికార్ట్ అనే పెద్దాయన కూడా ఆ నిజానికే చేరాడు. ఆ మాట 1883 నాటికి లోకానికి తెలిసిపోయింది. మన గొర్రెల కాపరికి ఇంకా చేరలేదంటే తప్పు అతనిది కాదు, చెప్పాల్సిన మనదే.

థామస్ చూసినదాన్ని మన బడి పిల్లలు కూడా చూడవచ్చు. కాలవలో చిన్న నత్తలను చేతికి తొడుగు వేసుకుని ఏరండి. గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, ఒక్కో గ్లాసులో రెండు మూడు నత్తలు వేసి వెలుతురులో పెట్టండి. కొన్ని గ్లాసుల్లో ఏమీ జరగదు. జబ్బున్న నత్త ఉన్న గ్లాసులో మాత్రం నీళ్ళలో సన్నటి తెల్ల నలుసులు కదలడం కనిపిస్తుంది, వెలుతురుకు ఎదురుగా నల్లగుడ్డ పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. భూతద్దంలో చూస్తే తల, తోక ఆడించడం తెలుస్తాయి. అవి కార్జపు జలగ పిల్లలైతే చాలాసేపు తిరగవు. కొద్ది గంటల్లో గాజు గోడకే అంటుకుని చుక్కలుగా మిగిలిపోతాయి. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది ఆ చుక్క. గడ్డిపోచ మీద అది ఉంటే ఎవరి కంటికీ కనపడదని అప్పుడు అర్థమవుతుంది. ఆ నీళ్ళు చేతికి తగలనివ్వకండి. పనయ్యాక మరిగించి పారబోయండి. ఎందుకో చెబుతాను.

మన చెరువుల్లో ఇంకో నత్త ఉంది. గుల్ల పైకి లేవకుండా చదునుగా, చుట్ట చుట్టుకుని ఉంటుంది. దాని నెత్తురు ఎర్రగా ఉంటుంది. ఇండోప్లానార్బిస్ అంటారు. చెరువు ఎండితే బురదలో కూరుకుని మళ్ళీ వాన దాకా ఆగగలదు. ఇది మోసే జబ్బులు ఒకటి రెండు కాదు. పొట్ట జలగలు దీని నుంచి వస్తాయి. బోటీ శుభ్రం చేసేవాళ్ళకు ఇవి బాగా తెలుసు: పెద్ద పొట్ట లోపలి గోడకు దానిమ్మ గింజల్లా గులాబి రంగులో గుత్తులు గుత్తులుగా పట్టుకుని ఉంటాయి. పెద్దవి పొట్టలో ఉన్నప్పుడు పెద్దగా చేటు చేయవు. పొట్టకు చేరేముందు పిల్లలుగా చిన్నపేగులో ఉన్న కొద్ది వారాలే ప్రాణం మీదికి తెస్తాయి. నీళ్ళ విరేచనం, భరించలేని కంపు, దూడలూ గొర్రెపిల్లలూ నాలుగైదు రోజుల్లో కూలిపోతాయి. మన వైపు వానాకాలం చివర్లో వచ్చే పారుడులో దీని వాటా ఎంతో పేడ చూడకుండా చెప్పడం కష్టం.

గురక వ్యాధి కూడా ఈ చుట్ట నత్త చలవే. ఎద్దు ఊపిరి తీస్తుంటే పక్క వీధికి వినిపించేంత గురక. ముక్కు నుంచి చీమిడి, ఒక్కోసారి నెత్తురు. ముక్కు రంధ్రంలో ముద్దలు ముద్దలుగా కండ పెరిగి గాలి ఆడదు. ఎండలో నాగలి లాగలేక నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. మద్రాసు పశువైద్య కళాశాలలో పనిచేసిన ఎం. అనంతనారాయణరావు గారు 1933లో దీనికి కారణమైన పురుగును వర్ణించారు. షిస్టోసోమా నేసేల్ అని దాని పేరు. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇది ముక్కు రక్తనాళాల్లో కాపురం ఉండే నెత్తురు జలగ. మిగతా జలగల్లో ఒక్క ఒంట్లోనే ఆడా మగా రెండూ ఉంటే, వీటిలో ఆడది వేరు, మగది వేరు. మగ పురుగు తన ఒంటి మీది గాడిలో సన్నటి ఆడపురుగును పొదువుకుని బతికినన్నాళ్ళూ అలాగే ఉంటుంది. గుడ్లు ముక్కు కండను చీల్చుకుని చీమిడిలో పడతాయి. ఎద్దు నీళ్ళు తాగడానికి చెరువులో మూతి పెట్టగానే ఆ చీమిడి నీళ్ళలో కలుస్తుంది. నత్త అక్కడే ఉంటుంది. నీళ్ళు తాగడమనే ఒక్క పనితో చక్రం పూర్తవుతుంది. నత్త నుంచి వచ్చే పిల్లలను పశువు మింగనక్కరలేదు. నీళ్ళలో నిలబడితే చాలు, చర్మం తొలుచుకుని లోపలికి పోతాయి.

మనిషి చర్మమూ వాటికి ఒకటే. నాట్లు వేసి, కలుపు తీసి గట్టెక్కిన ఆడవాళ్ళు కాళ్ళు గోక్కుంటూ ఉండటం మనం చూస్తూనే ఉంటాం. మోకాళ్ళ కింద ఎర్రటి పొక్కులు, మంట, రాత్రంతా నిద్ర పట్టనంత దురద. అన్నీ దీనివల్లే అనలేం, ఎరువులకూ బురదకూ కూడా దురద వస్తుంది. కానీ పశువుల నెత్తురు జలగల పిల్లలు మనిషి చర్మంలో దూరి ఈ దురద తెస్తాయన్నది శాస్త్రం తేల్చిన మాట. అవి మన చర్మంలోనే చచ్చిపోతాయి, లోపలికి వెళ్ళి పెరగవు. గ్లాసు నీళ్ళు చేతికి తగలనివ్వద్దన్నది ఇందుకే.

మనిషి ఒంట్లో పెరిగే నెత్తురు జలగ ఆఫ్రికాలో కోట్ల మందిని పట్టి పీడిస్తోంది. 2021లో ప్రపంచంలో 25 కోట్ల మందికి పైగా దాని నివారణ మందు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో అలాంటి జబ్బు కనిపించిన ఊరు మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని గింవి. 1952లో గాడ్గిల్, షా అనే డాక్టర్లు ఆ సంగతి బయటపెట్టారు.

మనుషుల జలగల చరిత్రలో మన దేశానికి పెద్ద చోటే ఉంది. పేగు జలగను 1843లో బస్క్ అనే డాక్టరు మొదటిసారి చూసింది లండన్‌లో చనిపోయిన ఒక భారతీయ నావికుడి పేగులో. చైనా కార్జపు జలగను 1874లో మెక్‌కానెల్ చూసింది కలకత్తా మెడికల్ కాలేజీలో. ఊపిరితిత్తుల జలగకు పేరు వచ్చింది యూరప్ జంతుప్రదర్శనశాలల్లో చనిపోయిన బెంగాల్ పులుల వల్ల. ఆ ఊపిరితిత్తుల జలగ ఇప్పటికీ మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఉంది. కొండవాగుల ఎండ్రకాయలను పచ్చిగానో సగం కాల్చో తినేవాళ్ళకు వస్తుంది. నెత్తురు పడే దగ్గు చూసి క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు మింగినవాళ్ళు ఉన్నారు. థాయిలాండ్ ఈశాన్యంలో పచ్చి చేప తినడం వల్ల వచ్చే కార్జపు జలగ పైత్యనాళాల క్యాన్సరుకు దారితీస్తుందని తేలింది.

మన వైపు మనుషులు వీటి నుంచి తప్పించుకుంటున్నారంటే ఆ పుణ్యం మన పొయ్యిదే. చేపల పులుసైనా, ఎండ్రకాయల పులుసైనా కుతకుతా ఉడకందే దింపం. కాపాడేది చింతపండు పులుపు కాదు, ఆ ఉడుకు. మట్టగిడసనో కొరమీనునో కోసేటప్పుడు కండలో, కార్జం దగ్గర తెల్లటి, పసుపుపచ్చటి గింజల్లాంటి తిత్తులు కనిపిస్తుంటాయి. అవీ జలగ పిల్లలే. కొంగ ఆ చేపను తింటే కొంగలో పెద్దవవుతాయి. వాటిని చూసి చేపను పారేయాల్సిన పని లేదు, తీసేసి బాగా ఉడికిస్తే చాలు. చేపల్లో ఇలాంటి జలగల లోకాన్ని చదవడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆర్. మాధవి గారు జీవితకాలం వెచ్చించారు. మన దేశపు సముద్ర చేపల్లోని జలగల మీద బ్రే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆమె రాసిన పెద్ద గ్రంథం 2018లో వచ్చింది. విశాఖ తీరంలో కూర్చుని చేసిన ఆ పనిని ప్రపంచమంతా చదువుతోంది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు ఉండాలని నేను కోరుకుంటాను.

పొన్నగంటి కూర, తూటికూర చెరువు అంచున కోసుకొచ్చేవాళ్ళు వాటిని వండుకునే తినండి. పచ్చిగా నమలకండి. కార్జపు జలగ గూడు గొర్రెకూ మనిషికీ తేడా చూడదు.

ఇక మందుల విషయం. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి. మన కాపరులు మందుల షాపుకు వెళ్ళి "నట్టల మందు ఇవ్వండి" అంటారు. షాపతను ఏదో ఒక సీసా చేతిలో పెడతాడు. నట్టలన్నీ ఒకటి కావు. ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగులకు, గోమార్లకు మంచి మందు, జలగను మాత్రం ఏమీ చేయలేదు. ఆల్బెండజోల్ మోతాదు పెంచి తాపితే పెద్ద జలగల మీద కొంత పనిచేస్తుంది, కార్జంలో తిరిగే పిల్లలు అలాగే ఉండిపోతాయి. ఆక్సిక్లోజనైడ్ పెద్ద కార్జపు జలగలకు, పొట్ట జలగలకు బాగా పనిచేస్తుంది. ట్రైక్లాబెండజోల్ పెద్దవాటితో పాటు పిల్ల జలగలనూ చంపుతుంది గాని పొట్ట జలగల మీద పనిచేయదు. గురక వ్యాధికి మందు వేరు, అది డాక్టరు చేతే వేయించాలి. ఏది తాపాలి, ఎంత తాపాలి అన్నది జీవం బరువును బట్టి, చూడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి, పాలు ఎన్నాళ్ళు వాడకూడదన్నదాన్ని బట్టి డాక్టరు చెప్పాలి. తక్కువ మోతాదు తాపితే డబ్బు పోతుంది, జలగ మందుకు అలవాటు పడుతుంది.

ఏ జలగో తెలియాలంటే పేడ చూడాలి. జలగ గుడ్లు బరువు, ఉప్పునీళ్ళలో పైకి తేలవు. మామూలు పురుగుల గుడ్లను తేల్చి చూసే పద్ధతిలో ఇవి దొరకవు. పేడను నీళ్ళలో కలిపి, వడకట్టి, తేరనిచ్చి, పై నీళ్ళు వంచేసి మళ్ళీ నీళ్ళు పోసి, చివరికి అడుగున మిగిలిన మడ్డి చుక్కను సూక్ష్మదర్శిని కింద చూడాలి. కార్జపు జలగ గుడ్డు పైత్యరసం రంగు పట్టి బంగారు పసుపుగా ఉంటుంది. పొట్ట జలగ గుడ్డుకు ఆ రంగు ఉండదు, తేటగా కనిపిస్తుంది. అరగంటలో తేలిపోయే పరీక్ష. పరీక్షకు పేడ పంపేటప్పుడు నేల మీద పడింది కాకుండా తాజాగా వేసింది, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తీసుకెళ్ళండి.

మందు ఒక్కటే తాపి ఊరుకుంటే తెల్లారి మళ్ళీ అదే గడ్డి, అదే చెరువు. ఇండోనేషియాలో జావా రైతుల పొలాల్లో ఈ ఫాసియోలా జైగాంటికా మీద జరిగిన పని మనకు బాగా ఒప్పుతుంది, వాళ్ళదీ వరి, వాళ్ళవీ పశువులే. పశువుల కొట్టాలకు దగ్గరగా ఉండి, పచ్చి పేడ నేరుగా పడే కయ్యల్లోనే జబ్బు నత్తలు ఎక్కువని అక్కడ తేలింది. గూళ్ళు వరి దుబ్బు అడుగు భాగంలోనే ఎక్కువగా ఉంటాయి. కాబట్టి పచ్చి గడ్డి వేయాల్సి వస్తే అడుగు వదిలి పైభాగం కోసి వేయమన్నారు, లేదా ఎండలో బాగా ఆరబెట్టి వేయమన్నారు. వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. బాతుల్లో ఉండే ఇంకో రకం జలగ పిల్లలు అదే నత్తలోకి చేరితే కార్జపు జలగ పిల్లలను తినేస్తాయి. బాతుల పెంటను పశువుల పేడతో పాటు కయ్యలో కలిపి ఆ పోటీని పెంచి చూశారు. మన వైపు కోతలయ్యాక బాతుల మందలు ఊరూరా తిరుగుతాయి కదా. బాతు చిన్న నత్తలను ఇష్టంగా తింటుంది. గొర్రెల మందకంటే ముందు బాతుల మందను కయ్యలోకి దింపనివ్వడంలో రైతుకు పోయేదేమీ లేదు.

గొర్రెల మంద కట్టించే రైతులు కూడా ఒక మాట వినాలి. పెంట పడ్డ కయ్యను నీళ్ళు పెట్టేముందు దున్ని ఎండనివ్వండి. తడి పెంట నేరుగా నీళ్ళలో కలిస్తే గుడ్డుకు కావలసింది మనమే అందించినట్టు. కొట్టం పేడను కాలవలోకి కడగకండి, దిబ్బకు చేర్చండి. మగ్గిన ఎరువే పొలానికి తోలండి. చెరువు అంచున తాగించే బదులు బోరు నీళ్ళ తొట్టి కట్టుకోగలిగిన ఊళ్ళు కట్టుకోవాలి. తొట్టి చుట్టూ నీళ్ళు నిలవకుండా చూసుకోవాలి, లేకపోతే అక్కడే ఇంకో చిన్న చెరువు తయారవుతుంది.

మందు ఎప్పుడు తాపాలి? వానలు మొదలయ్యే ముందు ఒకసారి, చెరువులోకి గుడ్లు పడకుండా. కోత కయ్యల్లో మేపిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి, పిల్ల జలగలనూ చంపే మందుతో, కార్జం పాడయ్యే లోపే. ఇది మన ఊరి వానలకూ కోతలకూ సరిపోయే లెక్క. మీ మంద తిరిగే దారిని బట్టి మీ డాక్టరు దీన్ని అటూ ఇటూ మార్చవచ్చు. కానీ ఊరంతా ఒకే వారంలో తాపాలి. గొర్రెలు, మేకలు, ఆవులు, బర్రెలు అన్నీ. బర్రెను మాత్రం మరిచిపోకండి.

నాయుడుపేట మండలంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ పశువైద్యశాలలు ఉన్నాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు, ఆ ఫోనుకు డబ్బు పడదు. మీ మందలో ఒక్క గొర్రెకు దవడ కింద నీరు దిగినా, ఒక్కటి ఉన్నట్టుండి చచ్చిపోయినా, మందుల షాపుకు వెళ్ళేముందు ఆసుపత్రికి వెళ్ళండి. చేతిలో తాజా పేడ డబ్బా పట్టుకుని వెళ్ళండి, మీ మంద కోత తర్వాత ఏయే కయ్యల్లో, ఏ చెరువు దగ్గర మేసిందో డాక్టరుకు చెప్పండి.